జాబితాలో పేరు – చేతిలో కార్డు

సంఘము – సమాజము

ధ్యాన భాగములు: ఆదికాండము 27, నెహెమ్యా 7:61–65, యోహాను 10:3



ఎన్నికలు దగ్గరపడిన ప్రతిసారి మన పల్లెలలో ఒక ప్రశ్న వినబడుచుండును. “ఫొటో కార్డు చూపిస్తేనే ఓటు వేయనిస్తారంట, నిజమేనా అయ్యగారూ?” అని వృద్ధులు పాస్టరుగారిని అడుగుదురు. కొందరు విశ్వాసులు, “అలా గట్టిగా అడగకపోతే దొంగ ఓట్లు ఆగవు” అందురు. మరికొందరు, “మా అవ్వకు వేలిముద్ర కూడా పడదు, కార్డులో పేరు తప్పు పడింది, ఆమె ఓటు ఏమైపోవాలి?” అందురు. ఇద్దరి మాటలోను న్యాయమున్నది. ఒకరు ఓటు దొంగిలింపబడకూడదనుచున్నారు, ఇంకొకరు ఓటు గలవాడు గెంటివేయబడకూడదనుచున్నారు. ఈ నెల మన శీర్షికలో ఈ సంగతిని లేఖనముల వెలుగులో, జరిగిన చరిత్ర వెలుగులో ఆలోచింతము.

కార్డు ఎట్లు వచ్చినది?

మన దేశములో ఎన్నికల సంఘము 1950 జనవరి 25న ఏర్పడినది. మొదటి సాధారణ ఎన్నికలు 1951–52లో జరిగినవి. ఆ ఎన్నికలకు జాబితాలు వ్రాయబోయినప్పుడు పేర్ల దగ్గరనే చిక్కు వచ్చినది. ఉత్తరాది రాష్ట్రములలో అనేక స్త్రీలు తమ పేరు పరాయి మనిషికి చెప్పుటకు ఇష్టపడక, ఫలానావారి భార్య, ఫలానావారి కుమార్తె అని మాత్రమే వ్రాయించుకొనిరి. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గారు సొంత పేరు లేనిదే ఓటరు కాజాలరని పట్టుబట్టుటచేత సుమారు 28 లక్షలమంది స్త్రీల పేర్లు జాబితానుండి తీసివేయబడినవి. ఆ కఠినత్వము వలన తరువాతి ఎన్నికలకు స్త్రీలు తమ పేరుతోనే జాబితాలో చేరిన మాట నిజము. అయితే ఆ మొదటి ఎన్నికలో వారు ఓటు పోగొట్టుకొనిన మాట కూడా నిజమే. ఒక మంచి నియమము ఒక తరమునకు మేలు చేయుచునే, గడప దాటలేని వారిని ఎట్లు బయట నిలుపగలదో దీనివలన తెలియుచున్నది.

ఒకే మనిషి రెండుసార్లు ఓటు వేయకుండ 1962 నుండి సాధారణ ఎన్నికలలో వ్రేలికి చెరగని సిరా పూయుట మొదలైనది. ఆ సిరా మైసూరులోని కర్మాగారములో తయారగుచున్నది. కాని సిరా ఆపగలిగినది రెండవసారి వచ్చినవానినే. మొదటిసారే మరియొకని పేరుతో వచ్చినవానిని సిరా ఏమి చేయగలదు? అందుకొరకే ఫొటో కార్డు ఆలోచన పుట్టినది. 1960లో కలకత్తా నగరములో ఒక పార్లమెంటు ఉపఎన్నిక కొరకు దీనిని ప్రయోగించి చూచిరి. మూడు లక్షల నలభై వేలమంది ఓటర్లుండగా సుమారు రెండు లక్షల పదివేలమందికే కార్డులు అందినవి. ఇండ్లకు వెళ్లినప్పుడు మనుష్యులు దొరకకపోవుట, పరాయి మగవాని యెదుట ఫొటోకు స్త్రీలు ఒప్పుకొనకపోవుట, ఇట్టి కారణములచేత ఆ ప్రయత్నము విరమింపబడినది.

ఆ తరువాత టి.ఎన్. శేషన్ గారు 1990 డిసెంబరులో ప్రధాన ఎన్నికల కమిషనరైరి. దేశమంతటా ఓటర్లకు ఫొటో గుర్తింపు కార్డులు ఇవ్వవలెనని 1993 ఆగస్టు 28న ఆయన ఆజ్ఞ ఇచ్చిరి. కార్డులు సిద్ధము కానిచో 1995 జనవరి నుండి ఎన్నికలే జరిపించనని హెచ్చరించిరి. ఇంత ఖర్చు ఎక్కడనుండి తేగలమని రాష్ట్ర ప్రభుత్వములు మొరపెట్టినవి. వ్యవహారము సుప్రీంకోర్టుదాకా వెళ్లినది. కార్డులు అందరికి అందకపోయినను ఎన్నికలు ఆగలేదు. అయితే మొదలైన పని కూడా ఆగలేదు. చీరకొంగు తలమీద సరిచేసికొని, బడి ఆవరణలో వరుసగా బల్లమీద కూర్చుండి ఫొటో తీయించుకొనిన ఆ రోజులు మన పెద్దలకు జ్ఞాపకముండును. పొలము గట్టు దాటి ఎన్నడు ఫొటో దిగని కూలివారికి జీవితములో మొదటి ఫొటో ఆ కార్డు మీదిదే. 2000వ సంవత్సరము నుండి పోలింగ్ కేంద్రములలో ఏదో ఒక గుర్తింపు చూపవలెనను నియమము స్థిరపడుచు వచ్చినది.

ఇంతకు ఆ నియమమేమి? ఓటరు కార్డు ఒక్కటే కావలెనని ఏనాడును లేదు. 2024 సాధారణ ఎన్నికలలో కార్డుకు బదులు ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేక పోస్టాఫీసు పాసుపుస్తకము, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, ఫొటో ఉన్న పెన్షను పత్రము, వికలాంగుల గుర్తింపు కార్డు మొదలైన పండ్రెండు విధములైన పత్రములలో ఏ ఒక్కటైనను అంగీకరించిరి. కాని ఇంటికి తెచ్చి ఇచ్చు ఓటరు స్లిప్పు ఒక్కటే పట్టుకొని వెళ్లుట 2019 నుండి చాలదు. ఈ తేడా తెలియక స్లిప్పుతోనే వెళ్లి తిరిగివచ్చు వృద్ధులున్నారు.

ఇస్సాకు ఎట్లు మోసపోయెను?

పరిశీలన అవసరమని చెప్పువారి మాట ముందుగా విందము. ఆదికాండము 27వ అధ్యాయములో యాకోబు తన అన్న పేరుతో తండ్రియొద్దకు వెళ్లెను. ఇస్సాకు చూపు మందగించినవాడే గాని అమాయకుడు కాడు. నీవెవరవని అడిగెను. ఇంత త్వరగా వేట ఎట్లు దొరికెనని ప్రశ్నించెను. దగ్గరకు పిలిచి చేతులు తడవి చూచెను. స్వరము యాకోబుదని అనుమానించెను కూడా. నీవు నిజముగా ఏశావువేనా అని మరల అడిగెను. వస్త్రముల వాసన చూచెను. ఇన్ని పరీక్షలు చేసియు మోసపోయెను. ఎందుకు? ఇంటిలోనివారే మేక పిల్లల చర్మము తొడిగి, ఏశావు వస్త్రములు పెట్టెలోనుండి తీసి ఇచ్చిరి గనుక. వెలుపలి దొంగ ఒక్కడే అయినచో ఇస్సాకు పట్టుకొనియుండును. లోపలి చేయి కలిసినప్పుడు తలుపు దగ్గరి పరీక్ష వ్యర్థమైనది. ఏశావు వచ్చి బిగ్గరగా ఏడ్చినప్పుడు ఆశీర్వాదము అప్పటికే వేరొకరికి పోయినది.

దొంగ ఓటు కూడా ఇట్టిదే. మధ్యాహ్నము కూలి ముగించుకొని, కాళ్లు కడుగుకొని, పిల్లను చంకన వేసికొని ఓటు వేయబోయిన స్త్రీతో, “నీ ఓటు పొద్దున్నే పడిపోయిందమ్మా” అన్నప్పుడు ఆమెకు కలుగు బాధ ఏశావు బాధవంటిదే. ఓటు పోగొట్టుకొనువారు తరచుగా బీదలే. ఊరిలో బలము గలవాని పేరుమీద ఓటు వేయుటకు ఎవడును సాహసింపడు. వలస పోయినవాడు, అడిగే దిక్కులేని వితంతువు, ఊరి చివర కాలనీవాడు, వీరి ఓటే దొంగకు సులభము. గనుక గుర్తింపు పరిశీలన బీదవానికి శత్రువని తొందరపడి చెప్పరాదు. అనేక సందర్భములలో అది వానికి కాపుదల.

ఈ మాటకు సాక్ష్యము మన పార్లమెంటు నియోజకవర్గములోనే ఉన్నది. నాయుడుపేట మండలము సూళ్లూరుపేట శాసనసభ స్థానములోను, తిరుపతి లోక్‌సభ స్థానములోను ఉన్నది. 2021 ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభకు ఉపఎన్నిక జరిగినది. ఆ దినమున తిరుపతి పట్టణములో పొరుగు ప్రాంతములనుండి వచ్చినవారు నకిలీ ఓటరు కార్డులతో ఓట్లు వేయుచున్నారని ఫిర్యాదులు వచ్చినవి. దొంగ ఓటు వేయుటకు వచ్చిరని చెప్పబడినవారు కార్డు లేకుండ రాలేదు. కార్డుతోనే వచ్చిరి. తరువాత విచారణ సాగినది. ఓటర్ల నమోదు అధికారికి ఇవ్వబడిన కంప్యూటరు ప్రవేశమును ఉపయోగించి ముప్పది వేలకు పైగా కార్డులు అక్రమముగా దించుకొనిరన్న ఆరోపణపై, అప్పట్లో ఆ బాధ్యతలోనున్న ఐ.ఏ.ఎస్. అధికారి 2024 జనవరిలో ఎన్నికల సంఘము ఆదేశముచేత సస్పెండు చేయబడిరి. ఎవరు దోషులో తేల్చవలసినది న్యాయస్థానము. మనము నేర్చుకొనవలసినది మాత్రము ఇస్సాకు ఇంటిలో చూచినదే. కార్డు ఎంత నమ్మకమైనదో అనుట, దానిని అచ్చువేయు చేయి ఎంత నమ్మకమైనదో అనుటతో సమానము. తలుపు దగ్గర ముసలమ్మను గట్టిగా ప్రశ్నించి, లోపలి గదిలో పెట్టె తెరచి ఉంచినచో ప్రయోజనమేమి?

పేరు దొరకని యాజకులు

ఇప్పుడు రెండవ పక్షము. నెహెమ్యా 7వ అధ్యాయము ఎక్కువమంది త్వరగా పుటలు తిప్పివేయు అధ్యాయము. అంతయు పేర్లు, అంకెలు. కాని చెర నుండి తిరిగివచ్చినవారి ఆ జాబితా మధ్యలో ఒక దుఃఖకరమైన చోటున్నది. దెలాయా, టోబీయా, నెకోదా వంశస్థులు 642 మంది తాము ఇశ్రాయేలీయులమని ఋజువు చూపలేకపోయిరి. యాజకులలో హక్కోజు మొదలైన కొన్ని కుటుంబములవారు తమ వంశావళి పుస్తకములలో వెదకిరి గాని పేర్లు కనబడలేదు. డెబ్బది ఏండ్ల చెరలో ఎవరి పత్రము ఎక్కడ పోయెనో ఎవరికి తెలియును?

అధికారి ఏమి చేసెనో గమనించుడి. నియమము సడలించలేదు. ఋజువు లేకుండ పరిశుద్ధమైన వాటిని తినవద్దనెను. అయితే వారిని బబులోనుకు తిరుగగొట్టలేదు. ఊరీము తుమ్మీము ధరించుకొను యాజకుడు ఏర్పడువరకు అనెను. అనగా తీర్పు చెప్పగలవాడు వచ్చువరకు తలుపు మూయలేదు. ఋజువు దొరకని ఆ 642 మంది సంఖ్య కూడా అదే అధ్యాయములో వ్రాయబడియున్నది. వారు లెక్కలోనుండి చెరిపివేయబడలేదు. అదే గ్రంథము 3వ అధ్యాయములో హక్కోజు వంశపు ఊరియా కుమారుడైన మెరేమోతు యెరూషలేము గోడ రెండు భాగములు బాగుచేసెనని చదువుదుము. ఎజ్రా 8:33లో ఊరియా కుమారుడైన మెరేమోతు దేవాలయపు వెండి బంగారములు తూచిన యాజకుడుగా కనబడును. అదే కుటుంబమని పండితులు అనేకులు తలంచుదురు. ఒక దినమున పుస్తకములో పేరు దొరకని ఇల్లు, ఇంకొక దినమున దేవుని ఇంటి ధనమును తూచుటకు నమ్మకమైన ఇల్లుగా నిలిచినది. పత్రము లేనివాడు మోసగాడని తీర్మానించుట ఎంత తప్పో దీనివలన గ్రహింపవలెను.

మన కాలములో ఇట్టివారు లేరా? తెలంగాణలో 2018 డిసెంబరు 7న శాసనసభ ఎన్నికలు జరిగినప్పుడు అనేకులు కార్డు చేతబట్టుకొని వెళ్లి, జాబితాలో పేరు లేదని విని తిరిగివచ్చిరి. ఆ రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి ప్రజలను బహిరంగముగా క్షమాపణ కోరవలసివచ్చినది. అంతకుముందు 2015లో ఓటరు జాబితాలను ఆధార్‌తో కలుపు పని దేశమంతటా మొదలై, ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వువలన ఆగినది. మన రాష్ట్రములో 2019 ఎన్నికలకు ముందు ఇంకొక వింత జరిగినది. ఓటర్లకే తెలియకుండ వారి పేర్లు తొలగించుమని ఫారం 7 దరఖాస్తులు లక్షల సంఖ్యలో వచ్చిపడినవి. పోలీసు కేసులు నమోదైనవి.

ఇటీవలిది బీహారు సంగతి. 2025 జూన్ 24న ఎన్నికల సంఘము జాబితాల ప్రత్యేక సవరణకు ఆజ్ఞ ఇచ్చి ఆ రాష్ట్రముతో మొదలుపెట్టినది. పదకొండు విధముల పత్రములు పేర్కొనిరి. బీదల చేతిలో ఎక్కువగా ఉండు ఆధార్ గాని, ఎన్నికల సంఘము తానే ఇచ్చిన ఓటరు కార్డు గాని వాటిలో లేదు. ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. చనిపోయినవారు, ఊరు మారినవారు, రెండుచోట్ల పేరు గలవారు అని సంఘము కారణము చెప్పినది. వారిలో అట్టివారు ఉండుట వాస్తవమే. అయినను ఎవరి పేరు ఏ కారణమున పోయెనో ప్రకటింపవలెనని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించినది. సెప్టెంబరు 8న ఆధార్‌ను పండ్రెండవ పత్రముగా అంగీకరించుమన్నది. అయితే ఆధార్ మనిషి ఎవరో తెలుపునే గాని పౌరసత్వమునకు ఋజువు కాదని కూడా స్పష్టము చేసినది. ఆ సంవత్సరమే నవంబరులో మన పొరుగున తమిళనాడులోను ఇట్టి సవరణ ప్రారంభమైనది. చెన్నై, గుమ్మిడిపూండి వైపు పనులకు పోయిన కుటుంబములు మనలో ఎన్ని లేవు?

ఇది మన దేశపు చిక్కు మాత్రమే కాదు. ఇంగ్లండులో 2023 మే నెలలో మొదటిసారి స్థానిక ఎన్నికలకు ఫొటో గుర్తింపు అడిగినప్పుడు సుమారు 14,000 మంది వెనుకకు వెళ్లి మరల రాలేదని అక్కడి ఎన్నికల కమిషను లెక్కవేసినది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రములో 2008లో ఒక మఠమునకు చెందిన సుమారు పన్నెండుమంది వృద్ధ కన్యస్త్రీలు ఫొటో కార్డు లేనందున ఓటు వేయలేకపోయిరి. వారిని ఆపవలసి వచ్చిన పోలింగ్ అధికారి కూడా అదే మఠపు సోదరి. వారెవరో ఆమెకు తెలియదా? బాగుగా తెలియును. అయినను చట్టము ఆమె కన్నులను నమ్మలేదు, కాగితమునే నమ్మినది. మన పోలింగ్ కేంద్రములలో పలు పత్రములు అంగీకరింపబడుట ఈ విషయములో మేలైన పద్ధతియని ఒప్పుకొనవలెను.

మన చుట్టునున్నవారు

ఈ తూకములో మన సముద్రతీర ప్రాంతపు యానాది కుటుంబములను మరువరాదు. స్వర్ణముఖి ఒడ్డున, పులికాటు చుట్టు, రొయ్యల గుంటల కాపలాగా, ఇటుక బట్టీలలో, తోటలలో వారు పని ఉన్నచోటికి పోయి నివసింతురు. కాన్పు ఇంటనే జరిగినందున పుట్టిన తేదీ పత్రముండదు. ఇల్లు మారిన ప్రతిసారి చిరునామా పోవును. గుడిసె కాలినప్పుడు, వరద వచ్చినప్పుడు కాగితములు కూడ పోవును. అట్టి ఇంటివారిని “పత్రము తెచ్చుకో” అని కార్యాలయము చుట్టు తిప్పినచో, ఒక దినపు కూలి పోవును, ఆటో ఖర్చు పోవును, చివరకు ఓటు కూడ పోవును. చదువుకొనినవానికి అది ఒక సంతకముతో పోవు పని. వారికి అది నాలుగు దినముల ఆకలి.

మన విశ్వాసుల కుటుంబములలో మరియొక చిక్కున్నది, అది పేర్ల చిక్కు. బాప్తిస్మపు పేరు ఒకటి, బడిలో వ్రాసిన పేరు ఒకటి, రేషన్ కార్డులో ఇంకొకటి. సంఘమంతయు మరియమ్మ అని పిలుచు తల్లి ఆధార్‌లో వేరొక పేరుతో ఉండును. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక. పేరు మార్చినచో ఏమగునోనను భయముచేత కొందరు అసలు దరఖాస్తే పెట్టరు. దీనికి భయపడనక్కరలేదు. ఓటరు కార్డుమీద కులముగాని మతముగాని వ్రాయరు. మతము, జాతి, కులము, లింగము కారణముగా ఎవరిని జాబితానుండి తప్పింపరాదని రాజ్యాంగము 325వ అధికరణములో చెప్పుచున్నది.

అయితే ఏది న్యాయము?

పోలింగ్ కేంద్రములో ముఖము చూచి, కార్డు చూచి ఓటు వేయనిచ్చుట న్యాయమని నా అభిప్రాయము. దానిని విశ్వాసులు వ్యతిరేకింపనక్కరలేదు. నిజము చెప్పువాడు వెలుగునకు భయపడడు. కాని ఆ నియమము న్యాయముగా నిలుచుటకు మూడు సంగతులు కావలెను. బీదవాని చేతిలో సాధారణముగా ఉండు పత్రములన్నిటిని అంగీకరింపవలెను. పత్రము లేనివాని యొద్దకు కార్యాలయమే వెళ్లవలెను గాని వానినే తిప్పరాదు. వినకుండ ఎవరి పేరును కొట్టివేయరాదు. ఈ చివరి మాట నేను కల్పించినది కాదు. ఒకసారి జాబితాలో ఉన్న పేరును తొలగింపవలెనన్నచో నోటీసు ఇచ్చి, అతడు చెప్పునది వినవలెనని 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పియున్నది. దొంగను ఆపుటకు వేసిన కంచె గొఱ్ఱెలను బయట నిలిపినచో ఆ కంచెను సరిచేయవలసినదే గాని, కంచె బలముగా ఉన్నదని సంతోషింపరాదు.

మన సంఘములు చేయదగిన పని

ప్రభుత్వమును విమర్శించి ఊరకుండుట సులభము. మన చేతిలోనున్న పని కొంత చూతము.

మొదటిది, కార్డు ఉన్నంత మాత్రాన ఓటు ఉన్నదని నమ్మవద్దు. ఓటు జాబితాలో ఉండును. ముసాయిదా జాబితా వచ్చినప్పుడు ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట యవ్వనస్థులు ఒక అరగంట కూర్చుండి, తమ వీధిలోని ప్రతి ఇంటివారి పేరు వెదకవలెను. ఫోనులో చూడవచ్చును, 1950 నంబరుకు ఫోను చేయవచ్చును, బూత్ స్థాయి అధికారి యొద్దను చూడవచ్చును. విశ్వాసుల ఇండ్లు మాత్రమే చూచి ఆపవద్దు. ప్రక్కనున్న గిరిజన కాలనీకి కూడ వెళ్లుడి. వారు మన ఆరాధనకు వచ్చెదరా రారా అని లెక్క చూడవద్దు. మూగవారి పక్షమున నోరు తెరువుమని సామెతలు 31:8 మనకు నేర్పుచున్నది.

రెండవది, ఫారములు తెలిసికొనుడి. క్రొత్త పేరుకు ఫారం 6. తప్పు దిద్దుటకు, ఊరు మారుటకు, పోయిన కార్డుకు ఫారం 8. చనిపోయినవారి పేరు తీయించుటకు ఫారం 7. పదునెనిమిది ఏండ్లు నిండిన పిల్లలకు ఇప్పుడు సంవత్సరములో నాలుగు తేదీలు ఉన్నవి. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు మాసముల మొదటి తేదీలు. పదునేడు ఏండ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. పెండ్లియై వచ్చిన కోడలి పేరు ఈ ఊరికి మార్పించుట అత్తమామల బాధ్యతగా ఎంచుకొనుడి.

మూడవది, జిల్లా మారినదని కలత చెందవద్దు. నాయుడుపేట 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లా నుండి క్రొత్త తిరుపతి జిల్లాలోనికి వచ్చినది. కార్డుమీద పాత జిల్లా పేరున్నంత మాత్రాన ఓటు పోదు. కార్డులోని చిన్న అక్షర దోషములను పట్టించుకొనక, మనిషి ఆ మనిషేయని తెలిసినచో ఓటు వేయనియ్యవలెనని ఎన్నికల సంఘమే అధికారులకు చెప్పుచున్నది. ఈ సంగతి తెలిసినవాడు గౌరవముగా, గొడవపడక, అధికారికి చెప్పవచ్చును.

నాలుగవది, మీ ఓటు వేరొకరు వేసిపోయినచో ఏడ్చి తిరిగిరావద్దు. టెండర్ ఓటు అడుగుడి. మీరే అసలు ఓటరని అధికారి ప్రశ్నలు వేసి నిశ్చయించుకొనిన తరువాత మీకు బ్యాలెట్ కాగితము ఇచ్చును. అది వేరుగా కవరులో భద్రపరచబడును. సాధారణ లెక్కింపులో చేరదు గాని, వ్యాజ్యము వచ్చినప్పుడు అది సాక్ష్యము. ఏశావు ఏడుపునకు దొరకని సాక్ష్యము మీకు చట్టము ఇచ్చుచున్నది.

అయిదవది మన మనస్సాక్షికి సంబంధించినది. “తమ్ముడు చెన్నైలో ఉన్నాడు, వాడి ఓటు నేనే వేస్తే ఏం?” “నాయన పోయాడు గాని పేరుందిగా, వృథా ఎందుకు?” ఇట్టి మాటలు విశ్వాసుల ఇండ్లలో కూడ వినబడుచున్నవి. ప్రియులారా, ఇది యాకోబు చేసిన పనియే. భారతీయ న్యాయ సంహిత ప్రకారము మరియొకరి పేరున ఓటు అడుగుటయే నేరము. సంవత్సరమువరకు జైలు శిక్ష వేయవచ్చును. చట్టము చూచినను చూడకపోయినను దేవుడు చూచుచున్నాడు. తండ్రి చనిపోయినప్పుడు సమాధి కార్యక్రమము శ్రద్ధగా జరిపించిన మనము, ఆయన పేరు దొంగ చేతిలో పడకుండ జాబితానుండి తీయించుట కూడ ఆయనకు చూపు గౌరవమే. కార్డులు పోగుచేసికొని డబ్బు ఇచ్చెదమని వచ్చువారికి మీ కార్డు ఇయ్యవద్దు. అది మీ ముఖము. మీ ముఖమును అద్దెకు ఇత్తురా?

పాస్టరులకు, సంఘ పెద్దలకు ఒక్క మనవి. ఎవరికి ఓటు వేయవలెనో ప్రసంగ పీఠమునుండి చెప్పవద్దు. సంఘస్థుల పేర్ల పట్టిక ఏ పార్టీవారికిని ఇయ్యవద్దు. అయితే పిల్లలు పుట్టిన వెంటనే జనన నమోదు చేయించుమని తల్లిదండ్రులకు తప్పక చెప్పుడి. 1865లో జర్మనీ దేశపు హెర్మన్స్‌బర్గు మిషను సూళ్లూరుపేటలో పని ఆరంభించి మన నాయుడుపేట ప్రాంతమునకు వచ్చిన కాలమునుండి, బాప్తిస్మపు పుస్తకము మన సంఘముల ఆస్తి. ఎవరు లెక్కలో వ్రాయని కూలివాని బిడ్డ పేరు, తలిదండ్రుల పేర్లతో గౌరవముగా వ్రాయబడిన పుస్తకమది. ఈనాడు జనన ధ్రువపత్రమునకు బదులుగా అది చెల్లదు. అయినను ఆ పుస్తకము వెనుకనున్న మనస్సు చెల్లును. ఏ బిడ్డయు పేరులేనిదిగా ఉండరాదను మనస్సది.

మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరు పెట్టి పిలుచునని యోహాను 10:3లో ప్రభువు చెప్పెను. ఆయన కార్డు అడుగడు, ఎందుకనగా ఆయన ఎరుగును. మనుష్యుల ప్రభుత్వమునకు ఆ ఎరుక లేదు గనుక అది కార్డు అడుగుచున్నది. అందులో తప్పులేదు. ఆయన ఎరిగిన ప్రతి పేరును గౌరవించుట మాత్రము మన పని. ఊరి చివరి గుడిసెలోని అవ్వ పేరు కూడ ఆయన ఎరిగినదే. ఈసారి జాబితా వచ్చినప్పుడు ఆమె పేరు ఉన్నదో లేదో ఎవరు చూతురు?

ప్రార్థన: ప్రభువా, మా దేశమును ఏలువారికి న్యాయమును, వ్రాయువారి చేతులకు నమ్మకత్వమును దయచేయుము. మా చేతులను మోసమునుండి కాపాడుము. మా ప్రక్కనున్న మరువబడినవారి పేర్లు మేము మరువకుండునట్లు మాకు సహాయము చేయుము. ఆమేన్.